ఇంచియాన్ గిటార్‌లో ఏది మార్చాలి, ఏది మార్చకూడదు

(గిటార్ నేర్చుకుంటున్నవారి సమావేశంలో ఒక మరమ్మతుకారుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఈ బల్ల మీదున్న గిటార్‌ను చూడండి. వెనక వరుసలోని వారు లేచి నిలబడినా పరవాలేదు. అంచులు ముదురు ఎరుపు, మధ్యలో తేనె రంగు. తలభాగం మీద పేరున్న ఒక అమెరికా కంపెనీ ముద్ర ఉంది. ఆ పేరుతో ఇవాళ మనకు పని లేదు. గిటార్‌ను ఇలా వెనక్కి తిప్పితే, తలభాగం వెనుక సీరియల్ నంబరు కింద చిన్న అక్షరాల్లో ‘మేడ్ ఇన్ కొరియా’ అని ఉంది. నేను మాట్లాడబోయేది ఆ చిన్న అక్షరాల గురించి.

ఇది ఒక కుర్రవాడి గిటార్. అతని మేనమామ 1990లలో అమెరికాలో చదువుకుంటూ కొన్నారట. తిరిగి వచ్చాక ఉద్యోగం, సంసారం మీదపడి ఇది మంచం కింద పెట్టెలోనే ఉండిపోయింది. ఆ అబ్బాయి పోయిన నెల దీనితో పాటు ఒక కొత్త పికప్‌ల జతను, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలను, తీసుకుని నా దగ్గరకు వచ్చాడు. ఆ పికప్‌ల ధర పెట్టి ఇలాంటి గిటార్‌నే పాతది ఇంకొకటి కొనవచ్చు. ‘అన్నా, ఇవి బిగించండి, దీని శ్రుతి నిలవడం లేదు’ అన్నాడు. శ్రుతి నిలవకపోవడానికీ పికప్‌కూ సంబంధం లేదు. కానీ అతను చదివిన చోటల్లా, విన్న చోటల్లా అందరూ చెప్పింది ఒకటే: చౌక గిటార్ అయితే ముందు పికప్‌లు మార్చు. ఈ మాటను మీ మనసుల్లోంచి తీసేయాలనే ఇవాళ వచ్చాను.

నేను ఆ గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని జి తీగను మెల్లగా బిగించాను. కీ తిప్పుతున్నా శ్రుతి పెరగడం లేదు. ఇంకొంచెం తిప్పేసరికి నట్ దగ్గర, అంటే తలభాగం కింద తీగలు గాళ్లలో కూర్చునే పట్టీ దగ్గర, ‘టింగ్’ అని ఒక చిన్న చప్పుడు, శ్రుతి ఒక్కసారిగా గెంతింది. అంటే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. కర్మాగారంలో ఆ గాడిని సన్నగా కోసి వదిలేశారు. ఆకురాయి పెట్టి గాడిని తీగకు సరిపడా వెడల్పు చేసి, అడుగును గుండ్రంగా దిద్ది, పెన్సిల్ ముల్లు పొడి కాస్త రాశాను. అరగంట పని. ఆ సాయంత్రం అతను గంటసేపు వాయించినా శ్రుతి చెదరలేదు. పికప్‌ల పెట్టెకు సీలు కూడా విప్పకుండా వెనక్కి ఇచ్చేశాను.

ఇప్పుడు, ఈ గిటార్ కొరియాలో ఎందుకు పుట్టిందో కొంచెం చెప్పాలి. అది తెలిస్తేనే దీనిలో ఏది గట్టిదో, ఏది బలహీనమో అర్థమవుతుంది.

సియోల్ పక్కన సముద్రతీరంలో ఇంచియాన్ అనే రేవు పట్టణం ఉంది. ఆగ్నేయాసియా అడవుల దుంగలు ఓడల్లో అక్కడ దిగేవి. 1970లలో దక్షిణ కొరియా ప్లైవుడ్ ఎగుమతిలో ప్రపంచంలోనే ముందువరుసలో ఉండేది. కలపను ఆరబెట్టడం, కోయడం, అతికించడం తెలిసిన చేతులు అక్కడ వేలల్లో ఉండేవి. పియానో పరిశ్రమ కూడా ఆ నేల మీదే పెరిగింది. సమిక్ 1958లో పియానోల కోసమే మొదలై, తరువాత గిటార్లలోకి దిగింది. పీర్‌లెస్ 1970లో, కార్ట్ గిటార్లు చేసే కోర్‌టెక్ 1973లో వచ్చాయి. పియానో చేయగలిగినవాళ్లకు గిటార్ కలప పని కొత్త విద్య ఏమీ కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

అప్పటిదాకా అమెరికా కంపెనీలు చౌక రకాలను జపాన్‌లో చేయించుకునేవి. 1985లో డాలరు విలువ తగ్గించడానికి ఐదు దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం తరువాత జపాన్ యెన్ విలువ మూడేళ్లలోపే డాలరుతో పోలిస్తే దాదాపు రెట్టింపు అయింది. జపాన్ గిటార్ ఇక చౌక గిటార్ కాదు. ఆర్డర్లు కొరియాకు మళ్లాయి. ఎపిఫోన్, స్క్వైర్, హోనర్, వాష్‌బర్న్, ఇబానెజ్, ఇలా ఎన్నో పేర్ల గిటార్లు కొరియాలోని కొద్దిపాటి కర్మాగారాల్లో తయారయ్యాయి. పాత ఎపిఫోన్ సీరియల్ నంబరు ఎస్ అక్షరంతో మొదలైతే సమిక్‌లో, యు అయితే ఉన్‌సంగ్‌లో, ఐ అయితే సెయిన్‌లో చేసినట్టు. ముద్ర ఒకరిది, చెయ్యి మరొకరిది.

ఈ దశ ఎక్కువ కాలం సాగలేదు. 1987 వేసవిలో కొరియా కార్మికులు దేశమంతటా సమ్మెలు చేశారు, జీతాలు పెరిగాయి. అది వారి హక్కు. కానీ చౌక ధర కోసమే వచ్చిన ఆర్డర్లు మళ్లీ కదిలాయి. 1990లలో సమిక్, కోర్‌టెక్ రెండూ ఇండోనేషియాలో కర్మాగారాలు తెరిచాయి. 2000ల తొలి ఏళ్లలో ఎపిఫోన్ తయారీ చైనాలోని చింగ్‌దావ్‌కు వెళ్లింది. కొరియాలో మిగిలింది మధ్య ధర గిటార్ల పని. ఇంచియాన్‌లోని వరల్డ్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే సంస్థ అమెరికా కంపెనీ పీఆర్‌ఎస్ వారి ఎస్‌ఈ వరసను చాలా ఏళ్లు చేసింది. ఆ వరస 2001లో గిటారిస్టు శాంటానా పేరిట వచ్చిన గిటార్‌తో మొదలైంది. షెక్టర్ కంపెనీ డైమండ్ రకాలు కూడా ఆ కర్మాగారంలో తయారయ్యాయి. 2019 ప్రాంతంలో ఎస్‌ఈ తయారీ కూడా ఇండోనేషియాకు మారింది. అందుకే పాత కొరియా ఎస్‌ఈ గిటార్ చేతికి వస్తే మా బోటివాళ్లం కాసేపు దించకుండా చూస్తాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కొరియా గిటార్ నాణ్యత గురించి మాట్లాడుతూ ఈ సంగతి దాటేస్తే నాకు తృప్తి ఉండదు. 2007లో కార్ట్ గిటార్లు చేసే ఇంచియాన్, దేజన్ కర్మాగారాల్లోని కార్మికులను తొలగించారు, తయారీ ఇతర దేశాలకు వెళ్లిపోయింది. వాళ్లు ఊరుకోలేదు. 2019 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరేదాకా, పన్నెండేళ్లు దాటి పోరాడారు. అమెరికా గిటారిస్టు టామ్ మొరెల్లో వారికి మద్దతుగా నిలిచాడు. నన్ను కదిలించిన విషయం ఇంకొకటి ఉంది. గిటార్లు చేస్తూ బతికిన ఆ మనుషుల్లో కొందరు ఉద్యోగం పోయాక, పోరాట శిబిరంలో, గిటార్ వాయించడం నేర్చుకున్నారు. తామే ఒక బ్యాండు కట్టి పాడారు. ఎన్ని గిటార్ మెడలను, అదే నెక్‌లను, తమ అరచేతులతో నునుపు చేసి ఉంటారో! ఈ గిటార్ నెక్ వెనక చెయ్యి జార్చినప్పుడల్లా నాకు ఆ అరచేతులు గుర్తుకొస్తాయి. ‘కొరియా సరుకు కదా’ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను వాదనకు దిగేది అందుకే.

సరే, గిటార్‌కు వద్దాం.

చౌక గిటార్ చేసేవాడు ఎక్కడో ఒకచోట డబ్బు మిగుల్చుకోవాలి. ఎక్కడ మిగులుస్తాడు? దుకాణంలో కొనేవాడి కంటికి కనబడని చోట. నెక్ వంకరగా ఉంటే, దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ, అదే ఫ్రెట్, అంచు చేతికి గుచ్చుకుంటే అక్కడే తెలిసిపోతుంది. కానీ లోపల వాల్యూమ్‌ను పెంచి తగ్గించే పాట్ ఏ రకమో ఎవరు విప్పి చూస్తారు? అందుకే ఆ కాలపు కొరియా గిటార్లలో కలప పని శ్రద్ధగా ఉంటుంది. నెక్ బాడీలోకి దిగే చోట కాగితం ముక్క కూడా దూరనంత బిగువుగా ఉన్నవి చాలా చూశాను. పియానో చేతులని అన్నాను కదా, అది ఇక్కడ కనిపిస్తుంది. పొదుపంతా నట్‌లో, పాట్‌లలో, స్విచ్‌లో, లోపలి వైర్లలో, ట్రెమలో (తీగల శ్రుతిని ఊపే మీట) కింది దిమ్మెలో, కొంతవరకు పికప్‌లలో జరిగింది.

ఇది మనకు అదృష్టం. కలప పని చెడిపోతే బాగుచేయడం కష్టం, ఒక్కోసారి అసాధ్యం. స్క్రూ విప్పితే ఊడి వచ్చేవాటిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కర్మాగారం డబ్బు పెట్టింది మనం మళ్లీ చేయలేని చోట, పొదుపు చేసింది మనం చేయగలిగే చోట. పాత కొరియా గిటార్ కొనమని నేను చెప్పడానికి కారణమంతా ఇదే.

అయితే అన్నీ అంతే అనుకోవద్దు. 1980ల చివరి కొన్ని రకాల బాడీలు ప్లైవుడ్‌తో చేసినవి. వెనక మూత విప్పి, లోపలి గుంట గోడను టార్చి వెలుగులో చూడండి. పొరలు పొరలుగా గీతలు కనిపిస్తే ప్లైవుడ్. పైన కనిపించే అందమైన పులిచారల మేపుల్ కూడా చాలా వాటిలో కాగితమంత పలుచని పొరే. పొర ఉండటం తప్పు కాదు, అది అలంకారం. ప్లైవుడ్ బాడీతోనూ పాట వాయించవచ్చు. కానీ దాని మీద నేను పెద్ద ఖర్చు పెట్టను, పెట్టమని ఎవరికీ చెప్పను.

కొనే ముందు నెక్‌ను చూసే పద్ధతి చెబుతాను. తలభాగం వైపు నుంచి ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు రెండు అంచులూ చూడండి. రెండూ ఒకే తీరున సాగాలి. ఒక అంచు పైకి, మరో అంచు కిందికి మెలితిరిగినట్టుంటే ఎంత చవకైనా వదిలేయండి. తరువాత లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి పట్టుకోండి. మధ్యలో, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర, తీగకూ ఫ్రెట్‌కూ ఎంత సందుందో చూడండి. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. కొలత పరికరం లేదా? పది నంబరు సెట్‌లో అన్నిటికంటే సన్నటి తీగ దాదాపు పావు మిల్లీమీటరు మందం. దాని ముక్కను ఆ సందులో దూర్చి చూడండి. సందు ఎక్కువుంటే నెక్ లోపలి ఉక్కు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు బిగించి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. రాడ్ ఇప్పటికే చివరిదాకా బిగిసి ఉండి, నెక్ ఇంకా విల్లులా వంగి ఉంటే ఆ గిటార్ మీకొద్దు.

మన ఎండలు, మన తేమ మాట కూడా చెప్పాలి. కొరియాలో ఆరబెట్టిన చెక్క మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎండి కుంచించుకుంటుంది. ఫ్రెట్ లోహం కుంచించుకోదు. అందుకే ఫింగర్‌బోర్డు అంచున ఫ్రెట్ కొనలు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీరుతాయి. ‘నాసిరకం గిటార్’ అని తీసుకొచ్చేవాటిలో చాలా వాటికి ఉన్న జబ్బు ఇదే. సన్నటి ఆకురాయితో అంచు దిద్ది, ఫింగర్‌బోర్డుకు కొద్దిగా నూనె పట్టిస్తే పోతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవారికి వేరే బాధ: ఉప్పుగాలికి బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వాటిని బలవంతంగా తిప్పితే తల ఊడుతుంది. తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచి తిప్పండి.

ఇక మార్చే వరస. నా అనుభవంలో మొదట చేయాల్సింది ఏదీ మార్చకుండా సెటప్ చేయించడం. కొత్త తీగలు, నెక్ సర్దుబాటు, పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగ కింద ఒకటిన్నర మిల్లీమీటర్లు, లావు తీగ కింద రెండు మిల్లీమీటర్ల ఎత్తు, ఆ తరువాత ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా స్వరాలు సరిగ్గా పలికేలా సర్దడం. చాలా గిటార్లు ఇక్కడికే మారిపోయి వేరే గిటార్‌లా వాయిస్తాయి. రెండోది నట్. ప్లాస్టిక్ నట్‌ను తీసి ఎముక నట్ పెట్టండి. మూడోది లోపలి విద్యుత్ పని. వాల్యూమ్ తిప్పితే కరకరమంటే ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి. పోకపోతే పాట్ మార్చండి. రెండు తీగచుట్టలున్న హంబకర్ పికప్‌లకు ఐదు వందల కిలో ఓమ్‌లది, ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్‌కు రెండు వందల యాభైది. ట్యూనింగ్ కీలు వదులుగా ఉంటే నాలుగోది. పికప్‌లు ఐదోవి, అవి కూడా అవసరమైతేనే. సిరామిక్ అయస్కాంతం ఉన్న పాత కొరియా పికప్‌లు కొంచెం కటువుగా మోగుతాయి, నిజమే. కానీ పికప్ ఎత్తును ఒక మిల్లీమీటరు దించితే ఆ కటువు చాలా తగ్గుతుంది. అలా దించి నెల రోజులు వాయించండి. ఆ తరువాత కూడా మీ చెవి ఒప్పుకోకపోతే మార్చండి, తప్పు లేదు.  కానీ కొరియా పికప్ అనగానే పారేయాల్సినదేమీ కాదు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కొరియా గిటార్ కొలతలు మెట్రిక్ కొలతలు. అమెరికా విడిభాగాలు అంగుళాల కొలతల్లో ఉంటాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

ఇవి చూడండి, నా అరచేతిలో రెండు వాల్యూమ్ పాట్‌లు. ఒకటి ఈ గిటార్‌లోంచి తీసింది, రెండోది అమెరికా రకం. కాడ కొనను వెలుగులో పెట్టి లెక్కపెడితే, దీనికి పద్దెనిమిది పళ్లు, దానికి ఇరవై నాలుగు. అంటే పాట్ మారిస్తే నాబ్‌లు కూడా మార్చాలి. పాత నాబ్‌ను బలంగా నొక్కితే దిగుతుంది, దిగుతూ చీలుతుంది. పాట్ మెడ లావు కూడా వేరు. అమెరికా పాట్‌కు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. కొరియా గిటార్‌లో రంధ్రం అంతకంటే చిన్నది. దాన్ని మామూలు డ్రిల్‌తో పెద్దది చేయకండి. మొదటి రోజుల్లో ఒకరి గిటార్ మీద నేను ఆ పని చేశాను. పైన పాలియెస్టర్ పూత గాజులా మందంగా ఉంటుంది, డ్రిల్ అంచు తగలగానే రూపాయి బిళ్లంత పెచ్చు ఎగిరిపోయింది. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి చేత్తో తిప్పే, కొన సన్నగా ఉండే రీమర్‌తోనే, మెల్లగా చేస్తున్నాను.

గిబ్సన్ లెస్‌పాల్ ఆకారపు గిటార్లలో తీగలను పట్టి ఉంచే తోక ముక్కకు రెండు లావు మరమేకులు, అంటే స్టడ్‌లు, ఉంటాయి. కొరియావి ఎనిమిది మిల్లీమీటర్లవి. అమెరికావి అంగుళంలో పదహారో వంతులు ఐదు, అంటే దాదాపు ఏడు పాయింట్ తొమ్మిది నాలుగు మిల్లీమీటర్లు. తేడా వెంట్రుక మందం కూడా లేదు. కానీ మర చుట్లు వేరు. మొదటి రెండు చుట్లు హాయిగా తిరుగుతాయి, మూడో చుట్టులో బిగుస్తాయి. అక్కడ స్పానర్‌తో బలం పెడితే స్టడ్ దిగే లోపలి లోహపు గొట్టం, బుషింగ్, చెక్కలోంచి ఊడి వస్తుంది.

ఫెండర్ స్ట్రాట్ ఆకారపు వాటిలో ట్రెమలో. కింద వేలాడే దిమ్మె చాలా వాటిలో సన్నటి జింకు మిశ్రమం. దాన్ని బరువైన ఉక్కు దిమ్మెగా మారిస్తే నాదం నిలిచే తీరు మారుతుందని నా చెవికి గట్టి నమ్మకం. కానీ కొనే ముందు ఆరు స్క్రూలలో మొదటిదాని నడుమ నుంచి చివరిదాని నడుమ దాకా స్కేలు పెట్టి కొలవండి. సుమారు యాభై రెండున్నర మిల్లీమీటర్లు వస్తే దిగుమతి కొలత, యాభై ఆరు దాటితే అమెరికా పాత కొలత. బాడీ మందం కూడా చూడండి. పలుచని బాడీకి పొడవైన దిమ్మె పెడితే వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది. ట్యూనింగ్ కీల రంధ్రమూ అంతే: పది మిల్లీమీటర్లా, ఎనిమిదిన్నర ప్రాంతమా అని ముందే కొలవాలి.

ఒక తమ్ముడు ఇందాక టీ తాగుతూ అడిగాడు, ‘ఇంత ఖర్చు పెడితే అమ్మేటప్పుడు తిరిగి వస్తుందా’ అని. రాదు. కొరియా గిటార్‌లో ఏ భాగం పెట్టినా కొనేవాడు తలభాగం మీది పేరుకే ధర కడతాడు. అందుకే తీసిన ప్రతి భాగాన్నీ, చిన్న స్క్రూతో సహా, ఒక సంచిలో వేసి పేరు రాసి గిటార్ పెట్టెలోనే పెట్టండి. అమ్మే రోజు పాతవి బిగించి, కొత్తవి మీ తరువాతి గిటార్‌కు వాడుకోండి. అమ్మకం లాభం కోసమైతే ఈ పని మొదలుపెట్టకండి. నెక్ మీ చేతికి నచ్చితే, ఇది నాతోనే ఉంటుంది అనిపిస్తే, అప్పుడు మొదలుపెట్టండి.

ఈ గిటార్ నెక్ ఆ అబ్బాయికి నచ్చింది. అందుకే గాడి దిద్దిన పాత నట్‌ను తీసి ఎముకది పెట్టమని తనే అడిగాడు. మీ అందరి ముందూ చేయడానికి ఒప్పుకున్నాడు కూడా. పాత నట్ చుట్టూ పూతను బ్లేడుతో గీస్తాను, లేకపోతే నట్‌తో పాటు పూత పెచ్చు కూడా లేస్తుంది. తరువాత చిన్న చెక్క ముక్క ఆనించి పక్కనుంచి ఒక్క దెబ్బ. ముందు వరుసవారు కొంచెం పక్కకు జరిగితే వెనకవారు బల్ల దగ్గరకు రాగలరు. ఎవరైనా ఫోను లైటు ఇటు పట్టుకోండి, ఇక్కడ, జి తీగ గాడి మీద పడేటట్టు.